జంతికలు నొక్కిన డ్రిల్లింగ్ మిషన్

సెల్‌ఫోన్లు కొత్తగా వచ్చిన రోజుల్లో, దసరా సెలవలకు మా వాళ్లు నన్ను హైదరాబాద్ నుంచి పర్చూరు దగ్గర బాబాయి వాళ్ల ఊరికి పంపారు. ఆ ఊళ్లో నా ఫోన్‌కు సిగ్నల్ అందే చోటు ఒకటే, పెరట్లో బాబాయి రేకుల షెడ్డు. అందులో ప్లగ్గు కూడా ఒకటే. దానికి నా చార్జర్ పెట్టాను.

నిజానికి ఆ ప్లగ్గు డ్రిల్లింగ్ మిషన్‌ది. బల్లకు బిగించి నిలబెట్టిన మిషన్. పక్కనున్న పిడి తిప్పితే బిట్టు నిటారుగా కిందికి దిగి ఇనుముకు బెజ్జం పెడుతుంది. మూతబడ్డ వెల్డింగ్ షాపులో చూసి ముచ్చటపడి బాబాయి తెచ్చుకున్నాడు. మిరప, పత్తి వేసే ఇంట్లో బెజ్జాల అవసరం పెద్దగా ఉండదని తెచ్చాక తెలిసింది.

"పత్తి తీతలు మొదలయ్యేలోపు ఇది పోవాల. పాతసామాన్లవాడికి చెప్పేశా. ఇది షెడ్డులోనే ఉంటే పత్తి మీ నెత్తిన పోయమంటారా?" అంది పిన్ని.

"ఇది బెజ్జాలే పెట్టిద్దనుకుంటున్నావా?"

"ఇంకేం చేసిద్దో చూపీండి మరి."

బాబాయి చూపించడం మొదలుపెట్టాడు. వంచిన కడ్డీ బిగించి గేటు రంగు కలిపాడు. చెక్క ముక్కకు గరుకు కాగితం చుట్టి బిగించి, మిషన్ పైనున్న బెల్టును వేగంగా తిరిగే చక్రం మీదికి మార్చి, కొడవలి పిడులు నున్నగా చేశాడు. తరవాత పెరుగు చిలకడానికి కవ్వం బిగించాడు. బెల్టు మాత్రం తిరిగి నెమ్మది చక్రం మీదికి మార్చలేదు. పిన్ని చీర మార్చుకుని వచ్చి, పాతసామాన్లవాణ్ణి పండగ వెళ్లగానే రమ్మని కబురు పంపింది.

ప్రతి ప్రయోగానికీ ముందు నా చార్జర్ పీకేవాడు. ఒకరోజు నాకు తిక్క రేగింది.

"ఇంకోసారి పీకావంటే ఆ బెల్టు కోసేస్తా బాబాయ్!"

"ఏరా, కరెంటు బిల్లు మీ నాన్న కడుతున్నాడా?"

"నీ మిషన్‌కి పనుందా అసలు? నా ఫోన్‌కి ఉంది!"

బాబాయి మిషన్ పిడి ఒకసారి కిందికి తిప్పాడు. "సరే, ఉంచుకో. పిడి తిప్పడానికి కరెంటెందుకు?" అని వంటింట్లోకి వెళ్లాడు.

అక్కడ పిన్ని పండక్కి జంతికలు వండుతోంది. పిండి గట్టిపడింది. గొట్టం నొక్కలేక మణికట్టు పట్టుకుని కూర్చుంది. బాబాయి ఆ గొట్టం తెచ్చి, మిషన్ కింద రెండు చెక్కల మీద నిలబెట్టాడు. బిట్టు తీసేసి, అది ఉండే చోటు వేణ్ణీళ్లతో కడిగి, పిడి తిప్పాడు. మిషన్ గొట్టాన్ని నొక్కింది. పిండి తీగలుగా దిగింది. కింద పళ్లెం తిప్పే పని నాది. ఒక చేత్తో తిప్పాను.

"రెండో చేతిలో ఆ ఫోనేందిరా? పళ్లెంలో పడిందంటే దాన్నీ వేయిస్తా," అంది పిన్ని. మళ్లీ పిండి తెచ్చింది. పక్కింటావిడ కూడా తన పిండి తెచ్చింది.

పండగనాడు ఆయుధపూజ చేస్తూ పిన్ని కొడవళ్లకు, పారలకు, మందు కొట్టే పంపుకు బొట్లు పెట్టింది. మిషన్ ముందు కాస్త ఆగి, దానికీ పెట్టింది.

"మరి పాతసామాన్లవాడొస్తే?" అన్నాడు బాబాయి.

"బొట్టు పెట్టినదాన్ని ఎవరన్నా అమ్ముకుంటారా?"

"మరి పత్తి?"

పిన్ని నా వైపు చూసింది.

నేను ఊళ్లో ఉండగానే మొదటి తీత పత్తి వచ్చింది. నేను పడుకునే గదిలో పోశారు. నా మంచం షెడ్డులో మిషన్ పక్కన వేశారు.

సిగ్నల్ బాగానే ఉంది.