ఎర్రగేటు, నీలంగేటు, మధ్యలో చరిత్ర

సిర్గా ఇప్పుడు మా కరకోల్ కొండ మీద ఐదారేళ్ల పిల్లలకు స్కీయింగ్ నేర్పుతోంది. మొదటి వారమంతా వాళ్లకు పడటమే నేర్పుతుంది. నిలబడటం దానంతటదే వస్తుందట. పందేల్లో గెలిచినదాన్ని బట్టి చూస్తే ఆమెది రాయవలసినంత జీవితం కాదు. విదేశాల్లో ఆమెకు దక్కిన అన్నిటికన్నా మంచి స్థానం నలభై ఒకటి. ముప్పై నాలుగేళ్లు చరిత్ర పాఠాలు చెప్పి, మిగిలిన కాలం పుస్తకాలతో గడిపినదాన్ని నేను. ఎందరో గొప్పవాళ్ల గురించి చదివాను. ఒక మనిషి గురించి నేనే రాయాలనుకుంటే మాత్రం ముందు ఈ పిల్లే గుర్తొస్తుంది.

వాళ్ల నాన్న కుబాత్ కొండ మీద మంచును చదును చేసే బండి నడిపేవాడు. మూడేళ్ల వయసు నుంచీ ఆ బండిలో తండ్రి పక్క సీటు సిర్గాదే. నడక కన్నా జారడమే ముందొచ్చిందని వాడి గొప్ప. తొమ్మిదో తరగతికొచ్చేసరికి ఆరుగురు పిల్లల జట్టుతో ఆస్ట్రియా వెళ్లింది. అక్కడ మంచునది మీద రెండు నెలల శిక్షణ. వసంతంలో మళ్లీ జార్జియా. బడి మాత్రం కరకోల్‌లోనే ఉండిపోయింది. ఆ బడిని ఫోన్లో నేను మోయాలి.

ఇంటిపని ఫొటోలు తీసి పంపేది. ప్రతి పేజీ మీదా జిడ్డు మరకలే. ఒకరోజు ఫోన్ చేసి దులిపేశాను.

"ఏమే, బోర్సోక్ తింటూ రాస్తున్నావా? నూనె చేతులతో పుస్తకం ముట్టుకుంటారా?"

"బోర్సోకా! ఇక్కడెవరు వండి పెడతారు ఎజే? అది మైనం. స్కీలకు ఇస్త్రీపెట్టెతో మైనం పట్టిస్తూ రాస్తున్నా. ఇది ఆరేలోపు ఒక పేరా, అది ఆరేలోపు ఇంకో పేరా."

"పేరా అర్థమవుతోందా?"

"ఆరుతోంది ఎజే."

మా దగ్గర పంతులమ్మను ఎజే, అంటే అక్క, అనే పిలుస్తారు. ఎనభై ఏళ్లొచ్చినా అక్కే. ఆ పిలుపుతో తిట్టబోయిన తిట్టు సగంలో ఆగిపోతుంది. సిర్గాకు ఈ సంగతి బాగా తెలుసు.

ఆ ఏడు చరిత్రలో ఆమెకు రెండుసార్లు ఐదుకు మూడే వచ్చాయి. హెడ్మాస్టరు తండ్రినీ కూతుర్నీ పిలిపించాడు.

"చివరి పరీక్షలో నాలుగు తెస్తే శరత్కాలంలో మళ్లీ పంపిస్తా. మూడొచ్చిందా, నాన్న బండిలో కూర్చుని ఈ కొండ చుట్టూ తిరుగు. ఆస్ట్రియా ఎక్కడికీ పోదు."

ఆస్ట్రియా పోదు. జట్టులో చోటు పోతుంది. ఆడపిల్లకు ఉన్నదే ఒక్క చోటు. ఈమె కాకపోతే ఇంకొకరు వెళ్తారు. పదహారేళ్లప్పుడు ఒక శీతాకాలం పోతే అది తిరిగి రాదని కుబాత్ నాతో అన్నాడు. వాడు ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆ మాట అనడానికి టోపీ రెండుసార్లు తీసి పెట్టుకున్నాడు.

జార్జియాలో ఉండగా సిర్గా ఒక ఉపాయం కనిపెట్టింది. వీడియోలో పాఠం అప్పజెప్పమంటే కళ్లు మూసుకుంది. అరచెయ్యి ముందుకు చాచి, పాములా అటూ ఇటూ తిప్పుతూ మొదలుపెట్టింది. చెయ్యి కుడికి వాలితే తల కూడా వాలుతోంది.

"ఏంటే ఆ నాట్యం?"

"పందేనికి ముందు వాలు చూసుకుంటాం కదా ఎజే. మంచులో పాతిన జెండాకర్రల గేట్లన్నీ ఇలాగే కంఠతా పడతాం. ఎర్రగేటు, నీలంగేటు. మీ పాఠాన్ని కూడా అలా పాతాను. ఎర్రగేటుకి మనుషులు, నీలంగేటుకి తారీఖులు."

"రెండూ కలిసిపోతే?"

"కలిస్తే పడతాం."

పరీక్షలో ప్రశ్నల చీటీలను మేం టికెట్లంటాం. ఇరవై అయిదు టికెట్లు, ఇరవై అయిదు వాలులు. నాకు నవ్వొచ్చింది. కానీ ఆ రోజు ఆమె ఒక్క తారీఖు తప్పలేదు. నవ్వుకుని ఊరుకున్నాను గానీ, పరీక్ష గదిలో ఇది చూసేవాళ్లకు ఎలా ఉంటుందో ఆలోచించలేదు. ఆ తప్పు నాది.

జూన్‌లో పరీక్ష. బల్ల మీద టికెట్లు బోర్లా పరిచారు. పరీక్ష మండలికి పెద్దగా బయటినుంచి వచ్చినావిడ ఖలీపా అసానోవ్నా. బూట్ల చప్పుడు లేకుండా నడిచే మనిషి. సిర్గా వంతు అందరికన్నా చివర. పదిహేడో టికెట్ తీసింది. వెయ్యితొమ్మిదివందల పదహారు, ఉర్కున్. ఇసిక్‌కుల్ సరస్సు ఒడ్డునుంచి మా జనం సైన్యం తూటాలకు బెదిరి, మందలతో సహా కనుమలు దాటి చైనా వైపు పరుగెత్తిన ఏడు. ఆలోచించుకోవడానికి ఇరవై నిమిషాలు ఇస్తారు. సిర్గా కిటికీ దగ్గర కూర్చుని కళ్లు మూసుకుంది. చెయ్యి లేచింది.

ఖలీపా నావైపు వంగింది. "ఆ పిల్ల చెవిలో ఏదో ఉంది."

"ఏముంటుంది?"

"తల వాలుస్తోంది, పెదాలు కదుపుతోంది. ఎవరో అందిస్తున్నారు. నేనిలాంటివి చాలా పట్టుకున్నాను జూరా."

నేను నోరు తెరిచేలోపే ఆమె లేచి వెళ్లింది.

"లే అమ్మాయ్. జుట్టు పైకెత్తు."

సిర్గా ఎత్తింది. రెండు చెవులకూ పేరుకు తగ్గట్టు చిన్న వెండి లోలాకులు; మా భాషలో సిర్గా అంటే లోలాకే. అంతకుమించి ఏమీ లేదు.

"మరి ఆ చెయ్యి ఎవరికి ఊపుతున్నావ్?"

"ఎవరికీ కాదు ఎజే. గేట్లు చూసుకుంటున్నా."

"ఏ గేట్లు?"

"పదిహేడో టికెట్ గేట్లు."

పక్కనున్న భూగోళం టీచరు నవ్వు ఆపుకోలేక దగ్గింది. ఖలీపా నవ్వలేదు. "ఇక ఆలోచించింది చాలు. ఇక్కడ నిలబడి చెప్పు. చేతులు వెనక్కి పెట్టుకుని."

నేను చెప్పి ఉండాల్సింది. నా విద్యార్థినిని నేనే వెనకేసుకొస్తున్నాననుకుంటారని భయపడి ఊరుకున్నాను. సిర్గా చేతులు వెనక్కి కట్టుకుని మొదలుపెట్టింది. మాటలు బాగానే వచ్చాయి గానీ మోకాళ్లు ఆగలేదు. కుడికోసారి, ఎడమకోసారి వంగుతున్నాయి. జనం కనుమ దగ్గరికి చేరేసరికి ఖలీపా అడ్డుతగిలింది.

"ఆగు. అందరిదీ అదే కనుమ. కొందరు దాటారు, కొందరు దాటలేకపోయారు. ఎందుకు?"

సిర్గా ఆగిపోయింది. ముఖం తెల్లబడింది. చివరికి, "గేటు తప్పాను ఎజే. పైకెళ్లి రానా?" అంది.

"పైకా? పై అంతస్తుకా? మధ్యలో బయటికెళ్లడానికి వీల్లేదు!"

అప్పుడు లేచాను. "ఖలీపా, బయటికి కాదు. పందెంలో గేటు తప్పితే వెనక్కి ఎక్కి, దాన్ని చుట్టి మళ్లీ దిగాలి. లేకపోతే ఆట నుంచి తీసేస్తారు. మళ్లీ మొదటినుంచి చెబుతానంటోంది. చేతులు వదలనీ. నీ అనుమానం తీరకపోతే నన్నూ వెతుకు."

ఖలీపా వెళ్లి తన కుర్చీలో కూర్చుంది. "వదులు," అంది సిర్గాతో.

మళ్లీ మొదలైంది. చెయ్యి గాల్లో తేలుతూ ఒడ్డు దాటింది, లోయ దాటింది, కనుమ దగ్గరికొచ్చింది. అక్కడ ఆగింది. ఈసారి కళ్లు తెరిచే ఉన్నాయి.

"పుస్తకంలో చలి, ఆకలి, తూటాలు అని ఉంది."

"అంతేనా?"

"పుస్తకంలో అంతే ఎజే. కానీ... పందెంలో నాకెప్పుడూ డెబ్బై దాటిన నంబరే వస్తుంది. మన దేశం వాళ్లందరికీ అంతే. మొదటి పదిమందికి వాలు మెత్తగా ఉంటుంది. నేను దిగే వేళకు వాళ్లు తొక్కిన దారంతా గుంటలు, గుంటల్లో గాజులాంటి మంచు. దారి అదే గానీ అదే దారి కాదు. కనుమ మీద కూడా ముందు గుర్రాలు, గొర్రెలు, వేలమంది నడిచి ఉంటారు కదా. వెనకొచ్చిన ముసలమ్మకి, చంటిపిల్ల తల్లికి కాళ్లకింద ఏం మిగిలి ఉంటుంది? వాళ్లకి నడవడం రాక కాదు ఎజే. వాళ్ల నంబరు చివరిది."

ఎన్నో ఏళ్లుగా అదే టికెట్ వింటున్నాను. కాళ్లకింద ఏముందని నేనెప్పుడూ అడగలేదు.

ఖలీపా కళ్లజోడు తీసి తుడుచుకుంది. "ఇది పుస్తకంలో లేదు," అంది.

"లేదు ఎజే."

"జనం తిరిగొచ్చిన తారీఖు కూడా తప్పు చెప్పావు."

"నీలంగేటు," అని గొణిగింది సిర్గా.

ఖలీపా కాగితం మీద ఏదో రాసి నావైపు తోసింది. నాలుగు. నేను సంతకం పెట్టాను. నా పేరు నాకే సరిగా కనిపించలేదు.

బయట మెట్ల మీద కుబాత్ కూర్చుని ఉన్నాడు. ముఖంలోకి చూసి చదవడానికి ప్రయత్నించాడు గానీ ఆ పిల్ల ముఖం అలాంటిది కాదు.

"ఎంత తల్లీ?"

"నాలుగు."

వాడు వెంటనే లేవలేదు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. కాసేపటికి, ఆనందం బయటపడకుండా ఉండాలనేమో, గొంతు పెంచి, "ఐదెందుకు రాలేదు?" అన్నాడు.

"ఐదులన్నీ ముందు నంబర్లవాళ్లు పట్టుకెళ్లారు నాన్నా."

"నోరు చూడండి ఎజే దీనికి! ఆస్ట్రియాలో ఇదే నేర్చుకొచ్చింది."

"నేను నేర్పింది కాదు బాబూ," అన్నాను.

ముగ్గురం బజారుకు నడిచాం. ఆష్లియాన్‌ఫూ అనే నూడుల్స్ పులుసు అమ్మే కొట్టు నిండిపోయి ఉంది. మూలబల్ల దగ్గర ఖలీపా అసానోవ్నా ఒక్కతే కూర్చుని, కారం పులుసుకు ముక్కు తుడుచుకుంటూ తింటోంది. కుబాత్ వెనక్కి తగ్గాడు. సిర్గా తగ్గలేదు. తిన్నగా వెళ్లి, "జరగండి ఎజే, మేం ముగ్గురం," అంది.

ఖలీపా తలెత్తి చూసింది. గిన్నె పట్టుకుని గోడవైపు జరిగింది.