గాయంలో దారం

ఈ మధ్యాహ్నం ఎమర్జెన్సీ నుంచి వచ్చిన ఫైలుకి మరమగ్గం నూనె వాసన అంటుకుని ఉంది. ఆ వాసన తగిలితే చాలు, నాకు రాజమణక్క గుర్తొస్తుంది.

సూరత్‌లో ఈ ఆసుపత్రి బిల్లింగ్ గదిలో ఆమే నాకు పని నేర్పింది. మాలాగే తెలంగాణ నుంచి వచ్చిన నేతవాళ్ల ఇంటి మనిషి. గాయాలతో వచ్చినవాళ్ల కాగితాలు చదివి కోడ్లు వేయడం మా పని. ఏ చెయ్యి, ఏ వేలు, ఎలా తగిలింది, ఎక్కడ తగిలింది, అన్నిటికీ కోడ్ ఉంటుంది. బీమా వాళ్లు మనిషిని చూడరు, ఆ కోడ్లనే చూస్తారు. అక్క నర్సు రాసిన చివరి ముక్క దాకా చదివేది. ఆ నిదానం చూస్తే నాకు ఒళ్లు మండేది.

నేను చేరిన కొత్తలో ఊళ్లోని లింబాయత్ పేట నుంచి ఒక మరమగ్గం కార్మికుడు కుడి చూపుడువేలు నలిగి వచ్చాడు. ఇంట్లో మెట్ల మీద పడ్డానని డాక్టరుకి హిందీలో చెప్పాడు. సంతకం కోసం వెళ్లిన నేను తెలుగుదాన్నని తెలిశాక గొంతు తగ్గించాడు.

"చెల్లె, వేలు మగ్గం బెల్టుల ఇరికింది. జర ఎవ్వలకు చెప్పకు. సేఠ్ పనిలకెళ్లి తీసేస్తడు."

మా వాళ్లలో ఇది అందరికీ అలవాటైన అబద్ధమే. జాలిపడి, మెట్ల మీద పడ్డట్టే కోడ్ వేశాను. పైగా పుణ్యం చేశాననుకున్నాను.

అక్క ఆ ఫైలు తెచ్చి నా ముందు పెట్టింది. గాయంలోంచి నల్లనూనె, దారప్పోగులు తీసినట్టు నర్సు రాసింది.

"మెట్ల మీద పడితే దారం ఎట్లొస్తది?"

"పని పోతదని భయపడుతున్నడక్కా, పాపం."

"వేలు పోతే ఏం పని చేస్తడు? ఇంట్ల పడ్డోనికి కార్మికుల బీమా వర్తిస్తదా?"

నా ముఖం మాడిపోయింది. డాక్టరు తిరగరాయనిదే మేము కోడ్ మార్చడానికి వీల్లేదు. అందుకే అక్క తనే కిందికి వెళ్లి అతని మంచం పక్కన కూర్చుంది.

"తమ్మీ, మా ఆయన గూడ మెట్ల మీదనే పడ్డడు. ఇరవై ఏండ్లాయె. గా మెట్లు మాకు బుక్కెడు బువ్వ పెట్టలే."

అతను తన కట్టు వైపు చూసుకున్నాడు. ఆ తర్వాత, "డాక్టర్ను పిలువుండ్రి," అన్నాడు.

సేఠ్ నిజంగానే పనిలోంచి తీసేశాడు, అది దాచను. కానీ బీమా మీద రెండో ఆపరేషన్ జరిగి వేలు నిలిచింది. తర్వాత అమ్రోలిలో మరో కార్ఖానాలో చేరాడు.

అక్క రిటైరైన రోజు ఆమెను తీసుకెళ్లడానికి వాళ్లాయన వచ్చాడు. చొక్కా కుడి చెయ్యి ఖాళీగా మడిచి పిన్ను పెట్టి ఉంది. నేను ఉండబట్టలేక అడిగేశాను.

"ఎట్లయింది బావా?"

"మెట్ల మీద పడ్డ," అన్నాడు వెంటనే.

అక్క ఆయన భుజం మీద చెయ్యి వేసింది. "నువ్వు పనిజేసిన సేఠే లేడిప్పుడు. ఇప్పుడన్న చెప్పయ్యా," అంది. ఆయన ఎడమ చేత్తో ఆమె సంచి అందుకుని గుమ్మం వైపు నడిచాడు. నాకు ఏడుపొచ్చింది.

ఈరోజు ఫైల్లోనూ మెట్ల మీద పడ్డాడనే ఉంది. నర్సు రాసింది చివరి దాకా చదివాను. కోడ్ వేయకుండా ఫైలు పట్టుకుని కిందికి వెళ్తున్నాను, అతని పక్కన కాసేపు కూర్చోవడానికి.