మెహిటబెల్ రాయి

ఆ ఫిబ్రవరిలో రోడా లిబ్బీ నిమోనియాతో పోయింది. మా ఎల్డన్‌ఫీల్డ్‌లో చలికాలపు శవాలన్నిటికీ చేసినట్టే ఆమెనూ పెట్టెలో పెట్టి, కొండవాలులోని రాతి గదిలో ఉంచి తలుపు వేశారు. నేల గడ్డకట్టి ఉంటుంది, ఏప్రిల్ దాకా గునపం దిగదు. ఎక్కడ పూడ్చాలో ఈలోగా ఇంటివాళ్లు తేల్చుకోవాలి.

ఆమె అక్క ఆర్ఫాకు ఉన్నవి రెండు చోట్లు. ఒకటి బీదల ఆశ్రమం వెనక పొలం. అక్కడ పేర్లుండవు, అంకె వేసిన కర్ర గుంజలే. రెండోది ప్రార్థన మందిరం పక్కన పాత శ్మశానం. అక్కడ చోటు ఊరికే ఇస్తారు, కాకపోతే ఇంగ్లండ్ నుంచి వచ్చి ఈ ఊరు కట్టిన తొలి కుటుంబాల రక్తమని వంశావళి సంఘం ఒప్పుకోవాలి.

ఆర్ఫా బట్టలు కుట్టి బతికేది. పెళ్లి కాలేదు, ఎడమ కన్ను సరిగా ఆనదు. ఊళ్లో ఆడవాళ్లందరి నడుం కొలతలూ ఆమెకు తెలుసు. ఆమెను టీకి పిలిచిన ఇల్లు మాత్రం ఒక్కటీ లేదు.

"దానికి చీకటంటే భయమండీ. పెద్దయ్యాక కూడా నా చెయ్యి పట్టుకునే పడుకునేది. ఆ గుంజల మధ్య ఎలా పడేసి రాను?" అంది నాతో. అప్పట్లో నేను జిల్లా పత్రికకు సంఘం వార్తలు రాసేవాణ్ణి.

వంశాన్ని ఆమె ఒక్కతే వెతికింది. తల్లి వైపు వెనక్కి వెళ్తే జోసయా హోస్కిన్స్ కూతురు మెహిటబెల్ దగ్గర ఆగుతుంది. జోసయా తండ్రి ఇంగ్లండ్‌లోని సఫోక్‌లో నేతగాడు, ఓడెక్కి వచ్చినవాడు. అంతవరకూ సంఘం ఒప్పుకుంది. జోసయాకు ఆ పేరుగల కూతురు ఉండేదని రుజువు కావాలంది. పుట్టుకల పుస్తకాలు పాత మందిరంతో పాటే కాలిపోయాయి. ఇక మిగిలినవి సమాధి రాళ్లే.

మార్చిలో పాత శ్మశానంలో మంచు గోకుతుంటే దొరికింది. సగం దాకా నేలలో కుంగిన నల్లరాయి. "జోసయా హోస్కిన్స్ కూతురు మెహిటబెల్ ఇక్కడ విశ్రమించెను." కింది అక్షరాలు మట్టిలో ఉన్నాయి. ఆర్ఫా దాన్ని పళ్లెంలా తోమి, సంఘం అధ్యక్షురాలు అగస్టా థేయర్‌ను పిలుచుకొచ్చింది. నేనూ వెళ్లాను.

పెళ్లయి పిల్లల్ని కన్న ఆడదాని రాయి మీద మావాళ్లు మొగుడి పేరు చెక్కుతారు, తండ్రి పేరు కాదు. సంతోషంలో ఆర్ఫాకు అది తట్టలేదు. థేయర్‌కు తట్టింది. రాయిని చూసింది, ఆర్ఫాను చూసింది, నవ్వింది.

"ఎంత అదృష్టం ఆర్ఫా! నేల మెత్తబడనీ. అందరి ముందూ పైకి తీయించి మొత్తం చదువుదాం. నీకు మంచి టోపీ ఉందా? లేకపోతే నా పాతది ఇస్తాను."

ఏప్రిల్‌లో సంఘం మొత్తం వచ్చింది, అల్లం రొట్టెలు కూడా తెచ్చుకున్నారు. ఆర్ఫా ఆ పాత టోపీ పెట్టుకుంది. కాటికాపరి ఎలై గునపంతో రాయిని ఎత్తి, తడిగుడ్డతో తుడిచాడు.

"చదువు ఆర్ఫా, నీ ముత్తవ్వే కదా," అంది థేయర్.

ఆర్ఫా ఒంటి కంటితో దగ్గరగా వంగి చూసింది. గుడ్డ అందుకుని చివరి వరుసను మళ్లీ తుడిచింది. ఎలైనే చదివాడు. "వయసు మూడేళ్లు."

"మూడేళ్లకే కాన్పా! హోస్కిన్స్ వాళ్లు భలే తొందరమనుషులే!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. ఆర్ఫా టోపీ తీసి, మడత పడకుండా థేయర్ చేతికిచ్చి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం థేయర్ ఇంట్లో టీకి నన్నూ పిలిచారు.

"మా ముత్తవ్వ రెండో ప్రూడెన్స్," అందామె చక్కెర కలుపుకుంటూ. "మొదటిది పసితనంలో పోతే తర్వాతి పిల్లకు అదే పేరు పెట్టారు. ఆ రోజుల్లో ఇంటింటా అంతే. హోస్కిన్స్ వాళ్లూ పెట్టే ఉంటారు."

"మరి ఆర్ఫాకు చెప్పొచ్చుగా అమ్మగారూ?" అన్నాను.

"చోటు కావాలన్నది తను. రుజువు తెచ్చుకోవాల్సిందీ తనే. అయినా, చచ్చాక కూడా నా బట్టలు కుట్టేదాని పక్కనే పడుకోమంటావా నన్ను?"

నేను తిన్నగా ఆర్ఫా ఇంటికి వెళ్లి చెప్పాను. ఆమె కుట్టుమిషన్ ముందు నుంచి లేవలేదు.

"చచ్చిన పిల్ల పేరు బతికున్న పిల్లకు పెడతారా ఎవరైనా? ఓదార్చడానికి మరీ ఇంత కథ అల్లాలా? పత్రికవాళ్లు మీరు!"

"థేయర్ గారే అన్నారు ఆర్ఫా."

"మీ టీకి ముందే ఆవిడ దగ్గరికి వెళ్లొచ్చా. అబద్ధంతో పెద్దవాళ్ల మధ్య దూరబోయానని క్షమాపణ చెప్పుకున్నా. ఒక్క మాట తిట్టలేదు, మహాతల్లి. పైగా ఈ కర్టెన్లు కుట్టమని ఇచ్చింది. జరగండి, వెలుతురుకి అడ్డం."

మర్నాడు పొద్దున రోడాను ఆశ్రమం పొలంలో దించారు. ఎలై గుంజ కొట్టాడు.

"పక్క చోటు నాకుంచు ఎలై," అంది ఆర్ఫా.

"ఇక్కడ ఉంచుకోడాలేం లేవమ్మా. ముందు పోయినవాళ్లది అది," అన్నాడు ఎలై, పార భుజాన వేసుకుంటూ.