డిక్కీ మీద అక్షరాలు

కారుకు పెద్ద స్క్రీను పెట్టించుకుంటాను, పడుతుందా అని ఎవరైనా అడిగితే నేను ముందు బండిని చూడను, మనిషిని చూస్తాను. ఏ మోడలండీ అనగానే అతను డిక్కీ వైపు తిరిగి అక్కడి అక్షరాలు చదివి చెప్పాడంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ అక్షరాలను నమ్మొద్దు, పాత స్టీరియో బయటికి లాగి దాని వెనక సాకెట్ చూడండి, వెనక తలుపుల్లో వైర్లున్నాయో లేవో చూడండి, ఆ తర్వాతే కొనండి అంటాను. చాలామందికి ఈ మాట నచ్చదు. వాళ్లు నా నోట వినాలనుకునేది ‘పడుతుందిలే అన్నా’ అన్న ఒక్క ముక్క.

ఈ చాదస్తం నాకు దమ్మపేటలో పట్టుకుంది. అక్కడ ఒక పామాయిల్ తోటల ఆసామి దగ్గర డ్రైవరుగా ఉండేవాణ్ణి. వాళ్ల పెద్దలు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూములు చేసుకుని స్థిరపడ్డారు. మాది అడవి అంచున గూడెం. మా గూడెం నుంచి ఆ ఇంటి లోపలి దాకా వెళ్లగలిగినవాణ్ణి నేనే. ఇంటి తాళాలు, కారు తాళాలు, ఆసామి మందుల డబ్బా, అన్నీ నా చేతిలోనే ఉండేవి. తోటలో గెలలు కోసే పనికి మా వాళ్లను పిలిచేవారంటే అది నా ముఖం చూసే. నా నోట అబద్ధం రాదని, నాకు చేతివాటం లేదని ఒక పేరుంది. నాకున్న ఆస్తి అంతవరకే.

ఆయన కారు కొన్నప్పుడు ఆ బండిలో అన్నిటికన్నా కింది రకం కొన్నాడు. ముందు తలుపులకే స్పీకర్లు. వెనక తలుపులకు జాలీ ఉంటుంది, దాని వెనక ఖాళీ. వెనక్కి తీసేటప్పుడు చూపించే కెమెరా లేదు, దానికి కంపెనీ లాగిన వైరూ లేదు. అందులో తప్పేమీ లేదు. బండి బాగా నడిచేది. కానీ మా దిక్కున ఒక అలవాటుంది. కొనేది కింది రకం, అంటించేది పై రకం అక్షరాలు. ఖమ్మంలో కారు సామాన్ల షాపుల ముందు ఆ మెరిసే అక్షరాలు జడపిన్నుల అట్టల్లా వేలాడుతుంటాయి. అంటించుకున్నవాడికి తెలుసు, పక్కవాడికి తెలుసు, పక్కవాడి బండికీ అవే ఉంటాయి కాబట్టి ఎవరూ ఎవరినీ అడగరు. మనుషులకు కూడా అలాంటివి అమ్మితే మా మండలంలో షాపుకు తలుపు వేసే పని ఉండదు.

ఆ అక్షరాలు మార్చింది నేనే, ఆయన మార్చమంటే. ఆయన భార్య, అమ్మగారు, జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరు తెచ్చి తన చేత్తోనే పట్టుకుంది. ఆమె వేడి గాలి పడుతుంటే నేను గట్టి దారంతో పాత అక్షరాల కింద జిగురు కోశాను. మిగిలిన జిగురును ఆమె కొబ్బరినూనెతో తుడిచింది. కొత్తవి వంకర రాకుండా దూరం నుంచి చూసి చెప్పింది కూడా ఆమే.

“ఇంకొంచెం కిందికి. ఆ, అక్కడే. ఇప్పుడు కదా బండికి కళొచ్చింది,” అని నవ్వింది.

పాత అక్షరాలు కాలువలో పడేయమన్నారు. పడేశాను.

తర్వాత కొడుక్కి సత్తుపల్లి సంబంధం చేశారు. వచ్చిన వియ్యంకుడు ఎదుటివాడి ఇంట్లో మంచినీళ్లు తాగుతూ గ్లాసు ఏ కంపెనీదని తిప్పి చూసే రకం. కారు వెనక అక్షరాలు చదివి, “పర్లేదు, బావగారు టాపు మోడలే కొన్నారు,” అన్నాడు. ఆ పర్లేదు అన్న మాట విని మా ఆసామి వారం పాటు మీసం సవరించుకున్నాడు. ఆ తర్వాత వియ్యంకుడి మనసు ఇంకా పెద్దదయింది. తన కారులో ఉన్నటువంటి పెద్ద స్క్రీను, కెమెరాతో సహా, బావగారికి కానుకగా పెట్టిస్తానని మాటిచ్చాడు. షాపతనితో కూడా తనే మాట్లాడాడు.

షాపతను పని తెలిసినవాడే. ఫోన్ చేసి, స్టీరియో తీసి వెనక సాకెట్ ఫోటో పెట్టండి, వెనక తలుపుకు స్పీకరుందో లేదో చూసి చెప్పండి, అప్పుడే పార్సిల్ కడతాను అన్నాడు. ఆసామి ఫోన్ నాకిచ్చాడు. నేను డ్యాష్‌బోర్డు విప్పి ఫోటోలు తీసి ఆయనకు చూపించాను.

“సార్, మనది కింది మోడలని ఆయనకు చెప్పుండ్రి. దానికి తగ్గ సాకెట్ పంపిస్తడు. వైర్లు కొత్తయి లాగుతరు, అయిపోతది. టాపు మోడల్ దాని సెట్ గిట్ల వస్తే మన బండికి కలవదు,” అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

“వెనక ఏం రాసుంది?”

“టాపుదే రాసున్నది సార్. కానీ…”

“రాసున్నది ఫోటో తీసి పెట్టు. తీగలే కదా, వచ్చినవాడు కలుపుకుంటాడు. వియ్యంకుడి దగ్గర నా పరువు తీసే పని పెట్టుకోకు.”

డిక్కీ ఫోటో తీసి పెట్టాను. నా చేత పంపించిన ఫోటో అదొక్కటే. ఒక బండికి ఏ సామాను పడుతుందో తెలుసుకోవడానికి ఇంత తెలివిగల పద్ధతి నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

ఆ ఫోటో నమ్ముకునే టాపు మోడల్ సెట్ పార్సిల్ వచ్చింది. బిగించడానికి షాపు మెకానిక్ వచ్చాడు. వియ్యంకుడు తన కానుక ఎలా మెరుస్తుందో చూసుకోవడానికి పొద్దున్నే దిగాడు. వాకిట్లో కుర్చీలు వేసి టీలు ఇచ్చారు. గెలల ట్రాక్టరు ఎక్కడానికి వచ్చిన మా గూడెం ఆడవాళ్లు, మగవాళ్లు గేటు దగ్గర నిలబడి చూస్తున్నారు.

మెకానిక్ పాత స్టీరియో లాగాడు. కొత్తదాని సాకెట్ పెట్టి చూశాడు, పట్టలేదు. కెమెరా వైరు కోసం లోపల చెయ్యి పెట్టి వెతికాడు. తర్వాత వెనక తలుపు అట్ట ఊడదీశాడు. జాలీ వెనక ఏమీ లేదు.

“సార్, దీంట్లో వెనక స్పీకర్లు లేవండి. కెమెరా వైరూ లేదు. ఇది చూడబోతే కింది…”

అతను ఆ మాట పూర్తి చేయలేదు. ఆసామి కుర్చీలోంచి లేచాడు. ఆయన ముఖంలో రంగు మారడం నేను చూశాను. వియ్యంకుడు టీ గ్లాసు కింద పెట్టి ముందుకు వంగాడు. ఆ నిమిషంలో ఆసామి నవ్వేసి, అక్షరాలు ఊరికే అంటించామండీ, అందరూ చేసేదే కదా అంటే అయిపోయేది. సత్తుపల్లిలో ఎన్ని బండ్లకు అలా లేవు? ఆ వియ్యంకుడి బండికే లేవని ఎవరు చూశారు? కానీ ఆయన నా వైపు తిరిగాడు.

“ఏరా, స్పీకర్లు ఎక్కడ అమ్మావు?”

నాకు మొదట అర్థం కాలేదు. నిజంగానే అర్థం కాలేదు.

“ఏంది సార్?”

“ఏంది అని నన్నే అడుగుతున్నావా? బండి నీ చేతిలోనే ఉంటుంది. స్పీకర్లు పీకావు, ఆఖరికి కెమెరా వైరు కూడా వదల్లేదు. ఎక్కడ అమ్మావు?”

“సార్, ఈ బండికి అయి మొదటి నుంచి లేవు. మీకు ఎరుకే గదా. ఆర్‌సీ తీయుండ్రి, దాంట్ల ఏ మోడలో రాసుంటది.”

“చూశారా బావగారూ, నన్ను నా ఆర్‌సీ చూసుకోమంటున్నాడు.”

వియ్యంకుడు పెద్దగా నవ్వాడు. “ఇన్నాళ్లూ వెనక సీట్లో కూర్చుని వెనక పాట వినిపించట్లేదని గమనించలేదా?” అన్నాడు.

“నేను పాటలు వింటానా ఏంటి?” అన్నాడు ఆసామి.

నేను మెకానిక్ వైపు చూశాను. ఎప్పుడూ తొడగని సాకెట్‌కూ పీకిన సాకెట్‌కూ తేడా అతనికి తెలియకపోదు. అతను స్క్రూలు గిన్నెలో వేసుకుంటూ, “నాకేం తెలుస్తది సార్, ఉన్నది చెప్పిన,” అన్నాడు. షాపుకు వియ్యంకుడు పెద్ద గిరాకీ.

ఇక మిగిలింది అమ్మగారు. గుమ్మంలోనే నిలబడి ఉంది. డ్రయ్యరు పట్టుకున్నది ఆమె. జిగురు తుడిచింది ఆమె. ఆ ఇంట్లో నాకు ఇన్నేళ్లు అన్నం పెట్టింది ఆమె. ఆమె ఒక్క మాట అంటే చాలు. నేను చేతులు కట్టుకుని, “అమ్మా, మీరన్నా చెప్పుండ్రి,” అన్నాను. అలా బతిమాలుకున్నది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆమె నన్ను చూసి నిట్టూర్చింది.

“పాపం, ఇంట్లో ఏం అవసరం వచ్చిందో. అడిగితే మేమే ఇచ్చేవాళ్లం కదరా.”

ఆయన తిట్టినప్పుడు గేటు దగ్గరున్న మా వాళ్లలో కొందరు నమ్మలేదు. ఆమె జాలిపడగానే అందరూ నమ్మారు. మా మేనత్త తల దించుకుని ట్రాక్టరు వైపు వెళ్లిపోవడం చూశాను. తిట్టు తుడుచుకుంటే పోతుంది, అలాంటి జాలిని ఏ నూనెతో తుడిచినా పోదు.

వియ్యంకుడు వెళ్లాక ఆసామి నన్ను పశువుల కొట్టం పక్కకు పిలిచాడు. గొంతు మార్చాడు, భుజం మీద చెయ్యి కూడా వేశాడు.

“నాకు తెలుసురా నువ్వు తియ్యలేదని. ఏం చేస్తాం, అప్పుడు అలా అనాల్సి వచ్చింది. నాలుగు రోజులు ఊరుకో. ఉద్యోగం ఎక్కడికీ పోదు.”

“మరి నా పేరు సార్?”

ఆయన నిజంగా ఆశ్చర్యపోయాడు. నాకు అలాంటిది ఒకటి ఉంటుందని, దాన్ని నేను వెనక్కి అడుగుతానని ఆయన ఊహించలేదు.

“పేరేంట్రా, నువ్వేమన్నా ఎలక్షన్లో నిలబడుతున్నావా?” అన్నాడు.

తాళాలన్నీ ఆ కొట్టం గోడ మీద పెట్టి వచ్చేశాను. ఆయన ఆపలేదు. సాయంత్రానికి వియ్యంకుడి నుంచి ఫోన్ వచ్చిందట, దొంగను ఇంకా ఇంట్లో ఉంచుకున్నారా అని. ఎప్పుడో పంపించేశానని ఆసామి చెప్పాడట. ఆ ముక్క కూడా ఆయన ఖాతాలో గొప్పగానే పడింది. మా వాళ్లను మాత్రం తోట పనికి పిలవడం మానేశారు. గూడెంలో నాతో ఎవరూ గొడవ పడలేదు. మాట్లాడటం తగ్గించారు, అంతే.

సారపాకలో పేపరు మిల్లు స్టాఫును తిప్పే కిరాయి బండి దొరికింది. అక్కడి డ్రైవర్లు మంచివాళ్లే, నవ్వుతూనే ఉంటారు. నేను ఎవరి బండి పక్కన ఆపినా, “అరే, స్పీకర్లు జాగ్రత్త,” అంటారు. మొదట్లో కొట్లాడాను. తర్వాత నేనూ నవ్వడం నేర్చుకున్నాను. నవ్వకపోతే నిజమే కాబోలు అనుకుంటారు, నవ్వితే ఒప్పుకున్నాడనుకుంటారు. రెండింట్లో నవ్వడం తేలిక.

ఈ మధ్య మా మేనత్త కొడుకు, నాకు బావ, ఒక పాత కారు కొన్నాడు. భద్రాచలం కిరాయిలకు తిప్పుతాడట. పెద్ద స్క్రీను పెడితే గిరాకీ బాగుంటుందని, పడుతుందో లేదో చూడమని మా ఇంటికి తెచ్చాడు. బండి మలుపు తిరుగుతుండగానే గుర్తుపట్టాను. దమ్మపేట ఆసామిదే. బయటివాడి చేత అమ్మించినట్టున్నాడు. డిక్కీ మీద నేను అంటించిన అక్షరాలు ఒక్కటి కూడా ఊడలేదు.

నాకు ఒక రకం సంతోషం కలిగింది. ఇన్నాళ్లకు సాక్ష్యం దానంతటదే నా వాకిట్లోకి వచ్చింది. స్టీరియో లాగి బావకు సాకెట్ చూపించాను. దాంట్లో ఎప్పుడూ ఏదీ తొడగని గుంతలు చూపించాను. వెనక తలుపు అట్ట ఊడదీసి, స్పీకరుకు ఒక్క స్క్రూ కూడా దిగని చోటు వేలు పెట్టి చూపించాను. ఆర్‌సీ కార్డు తెప్పించి అందులో మోడల్ పేరు పక్కనున్న కింది రకం అక్షరాలు చదివించాను. డ్రయ్యరు సంగతి, కొబ్బరినూనె సంగతి అన్నీ చెప్పాను. నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి, దాచుకోలేదు.

బావ అంతా విన్నాడు. కార్డు చూశాడు, డిక్కీ చూశాడు, మళ్లీ కార్డు చూశాడు. అతనికి పూర్తిగా అర్థమైంది.

“అంటే నువ్వు తీయలేదన్నట్టు,” అన్నాడు.

“తీయలే బావా.”

“అవ్, తీయలే. కనబడ్తనే ఉన్నది.” కొంచెంసేపు గడ్డం గోక్కున్నాడు. నేను అక్షరాలు పీకడానికి గట్టి దారం తెమ్మని ఇంట్లోకి కేక వేయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు. “పీకకు. ఆ అక్షరాలు గట్లనే ఉండనీ.”

“ఎందుకు?”

“టాపు మోడలంటేనే గదా కిరాయికి పిలుస్తరు. వెనక స్పీకర్లేవి అని ఎవడన్న అడిగితే, పాత డ్రైవర్ పీక్కపోయిండని చెప్త. నీ పేరు ఎట్లాగూ పోయిందే గదా బావా, నా బండి పేరన్న ఉండనీ.”

తలుపు అట్ట మళ్లీ బిగించి ఇచ్చాను. స్క్రీను పడుతుందా అని వెళ్తూ వెళ్తూ మళ్లీ అడిగాడు. వైర్లు కొత్తవి లాగితే పడుతుంది అని చెప్పాను.