బండి నడిపేదెవరండీ?

ఆ షెడ్డు గోడకి ఓ రేకు వేలాడేది. దాని మీద సున్నంతో ఇలా రాసి ఉండేది: "నడిపేవారు రానిదే బండి ఇవ్వబడదు." ధవళేశ్వరం వెళ్లే రోడ్డు పక్కన, ఇసుక రేవుకి దిగే మలుపులో ఉండేది ఆ షెడ్డు. పాత జీపుల్ని బురదకీ, ఇసుకకీ, కొండదారులకీ పనికొచ్చేలా మార్చి ఇచ్చేవారక్కడ. తొంభైల చివర్లో మేమూ ఓ జీపు ఇచ్చాం. రేకు మీది మాట నేను మొదటిరోజే చదివాను. మా ఆయన చదవలేదు. ఆయనకి అక్షరాలు కనబడడం మానేసి అప్పటికే రెండేళ్లు కావస్తోంది.

నీటికాసులు అన్నారు డాక్టరుగారు. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవాలి, చుక్కల మందు మానకండి అన్నారు. చుక్కలు మానలేదు, చూపూ నిలవలేదు. వెలుతురూ నీడా తెలిసేవి, ఎదురుగా మనిషి నిలబడితే ఎవరో ఉన్నారని తెలిసేది. అంతే. పుట్టి పెరిగిన ఊరు కాబట్టి వీధులన్నీ కాళ్లకి అలవాటే, గొంతు వింటే మనిషెవరో తెలుసు. అలాగే నెట్టుకొచ్చేశారు. ఒకరోజు మాత్రం కరెంటు స్తంభాన్ని "ఏవండీ, బాగున్నారా?" అని పలకరించారు. నేను నవ్వాపుకోలేక చచ్చాను. ఇంటికొచ్చాక అలా నవ్వినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

ఇంత దాచడానికి కారణం ఉంది. మాకు సొంత భూమి లేదు. గోదావరి పాయకి అవతల లంకలో నాలుగెకరాలు కౌలుకి చేసేవాళ్లం. వంగ, బీర, అరటి. కౌలంటే నోటిమాటే. ఏటా ఉగాదికి కామందుగారు సరే అంటే ఉన్నట్టు, తల అడ్డంగా ఊపితే లేనట్టు. ఆ నాలుగెకరాల కోసం మా వెనక ఇంకో నలుగురు కాచుకుని ఉన్నారు. చూపు లేని మనిషికి లంకభూమి ఎవరిస్తారు? అది పోతే ఇద్దరం కూలికి పోవాల్సిందే. అందుకని ఆయన దాచారు, నేను నోరు మూసుకున్నాను. నోరు మూసుకోవడం నాకు చేతకాని విద్య. అయినా రెండేళ్లు మూసుకున్నాను.

వానాకాలం పడవ ఉంటుంది, బెంగలేదు. సంక్రాంతి వెళ్లాక పాయ ఎండిపోతుంది, మళ్లీ వానలు పడేదాకా ఇసుకే. తెల్లారేసరికి కూరగాయలు మార్కెట్టుకి చేరాలంటే ఆ ఇసుక దాటాలి. మా ఎద్దుల్లో ఒకటి చచ్చిపోయింది, రెండోది ముసలిది. అప్పుడు నిడదవోలు నుంచి మా తమ్ముడు వచ్చి, మిలిటరీ వేలంలో కొన్న జీపు ఒకటి తన గడ్డివాము పక్కన పడి ఉందనీ తీసుకెళ్లమనీ చెప్పాడు. "బావ నడపలేడని నాకు తెలుసు. నువ్వు నడుపక్కా" అన్నాడు.

వాడన్నది వేళాకోళం కాదు. పెళ్లి కాకముందు పుట్టింట్లో కుప్పనూర్పులప్పుడు కళ్లంలో ట్రాక్టరు గుండ్రంగా తిప్పేదాన్ని నేనే. మా నాన్నకి నా మీద ఉన్న నమ్మకం పాలేళ్ల మీద ఉండేది కాదు. పెళ్లయిన ఇరవై ఏళ్లకి రాజమండ్రిలో మోటారు స్కూలుకి వెళ్లి, నెల్లాళ్లు నేర్చుకుని, లైసెన్సు తెచ్చుకున్నాను. ఊళ్లో అడిగితే పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్తున్నానని చెప్పేదాన్ని. ఆ నెల్లాళ్లలో నా పళ్లకి ఊరంతా సానుభూతి చూపించింది.

షెడ్డు మేస్త్రీగారికి యాభై దాటి ఉంటాయి. మాట తక్కువ. మేం వెళ్లేసరికి ఓ రొయ్యల చెరువుల ఆసామి జీపు పైకెత్తి, కింద పడుకుని ఉన్నారు. లేచి చేతులు తుడుచుకుని, మా కథ విన్నారు. ఇసుక అయితే ఇంజను మార్చి డీజిలుది పెట్టాలి, నాలుగు చక్రాలూ తిరిగేలా గేరు సరిచేయాలి, వెడల్పు టైర్లు వేయాలి, సైలెన్సరు గొట్టం పైకి తేవాలి అన్నారు. అన్నీ అయ్యాక అడిగారు.

"బండి నడిపేదెవరండీ?"

"నేనేనండి" అన్నారు మా ఆయన.

నేను ఆయన వైపు చూశాను. చూసి ఏం లాభం, నా చూపు ఆయనకి కనబడదు కదా.

మేస్త్రీగారు జేబులోంచి తాడు తీసి, మా ఆయన్ని జీపులో కూర్చోబెట్టి, తుంటి నుంచి మోకాలికీ, మోకాలి నుంచి మడమకీ దర్జీ కొలిచినట్టు కొలిచారు. ఆ పాత జీపుల్లో సీటు ముందుకీ వెనక్కీ జరగదు, ఎక్కడ బిగిస్తే అక్కడే. మా ఆయన ఆరడుగుల మనిషి. నేను అయిదడుగులు దాటానంటే అది జుట్టుముడి పుణ్యం. ఎవరికి కొలిచి ఎవరికి కుడుతున్నారో నాకు తెలుసు, మా ఆయనకి తెలుసు. కానీ పదిమంది ముందు మొగుడి మాట కొట్టేసే ధైర్యం ఆ రోజు నాకు రాలేదు.

బస్సులో గొంతు తగ్గించి పోట్లాడాను. "నా కాళ్లు అందుతాయా దానికి?" అన్నాను.

"వెనకాల దిండు పెట్టుకుందువుగాని" అన్నారు.

"దిండు పెట్టుకుని నడపడానికి అది ఉయ్యాలా?"

"ఆడదాని చేత బండి నడిపిస్తున్నాడేంటని అడిగితే ఏం చెప్పను? మా ఆవిడ సరదా పడుతోందని చెబుతాను. పేరుకి మాత్రం బండి నడిపేది నేనే" అన్నారు. రోజూ మూడింటికి లేచి ఇసుకలో కూరగాయలు మోసే సరదా ఎంతకాలం నమ్ముతారో ఆయన ఆలోచించలేదు. ఆలోచించే ఓపిక ఆయనకి లేదని నాకు అర్థమైంది. కోపం మాత్రం పోలేదు.

పని చూడ్డానికి ఇంకో రెండుసార్లు వెళ్లాను. వెళ్లినప్పుడల్లా ఎవరో ఒకరు బల్ల మీద కూర్చుని టీ తాగుతూ ఉండేవారు. మండపేట నుంచి ఓ మిల్లు యజమాని, కొడుకు పెళ్లి ఊరేగింపుకి జీపు నడుమెత్తు లేపాలని పట్టుబట్టారు. "ఎత్తు కోసమైతే పల్లకీ అద్దెకి దొరుకుతుందండి, బండి పాడుచేసుకోకండి" అన్నారు మేస్త్రీగారు. ఆయన అలిగి వెళ్లిపోయారు. రొయ్యల చెరువుల ఆసామి కథ ఇంకోటి. కొలతకి తన డ్రైవర్ని పంపి, తీసుకెళ్లడానికి తనొచ్చాడట. బండి ఇవ్వలేదట. "చెరువుగట్టు బండి కంటే సన్నం. కాలు ఒక్క అంగుళం అందకపోతే ఎక్కడ తేలతానో చెప్పాడమ్మా ఈయన. అప్పట్నుంచి నేను నోరెత్తను" అని నవ్వాడు. నేను నవ్వలేదు. మా ఆయన్ని కొలిచిన తాడు గుర్తొచ్చింది.

బండి సిద్ధమైందని కబురొచ్చింది. నడిపించి చూడందే ఇవ్వరని తెలుసు, కానీ ఎక్కడ ఎలా చూస్తారో తెలియదు. తీరా వెళ్తే, ఇసుక రేవులో నాలుగు వెదురుకర్రలు అడ్డదిడ్డంగా పాతి ఉన్నాయి. వాటి మధ్య నుంచి వెళ్లి, తిప్పుకుని రావాలి. పక్కసీట్లో మేస్త్రీగారు కూర్చుంటారు. ఇసుక లారీల వాళ్లు, షెడ్డు వాళ్లు, మా వెనకొచ్చిన ఆ రొయ్యల ఆసామీ గట్టు మీద నిలబడ్డారు. మా ఆయన ఎక్కి కూర్చున్నారు. నన్ను కింద ఉండమన్నారు.

చూపున్న రోజుల్లో ఆయన మంచి డ్రైవరే. ఇంజను చప్పుడు వినే గేరు వేశారు. బండి మెత్తగా కదిలింది. మొదటి కర్ర పక్కనుంచి సాఫీగా పోయింది, అదృష్టం. రెండో కర్ర మీదికి ఎక్కించేశారు, అది విరిగింది. విరిగిన చప్పుడుకి ఇంకా కుడికి తిప్పారు. అటు ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని ఇసుక జల్లెడ పడుతున్నారు. వాళ్లు తలెత్తలేదు.

"ఆపండీ!" అని నేను అరిచిన అరుపు నాకే కొత్తగా వినిపించింది. మేస్త్రీగారు స్టీరింగు పట్టుకుని లాగేశారు, మా ఆయన బ్రేకు తొక్కారు, ఇంజను ఆగిపోయింది. జల్లెడ పడుతున్న వాళ్లకి నాలుగడుగుల దూరం ఉంది. వాళ్లు జల్లెడలు పడేసి లేచి నిలబడ్డారు.

మేస్త్రీగారు దిగి, టైరు కింది కర్రముక్క లాగి, దాన్నే చూస్తూ, "పొద్దు కళ్లల్లో పడిందాండీ?" అని అడిగారు. ఎంత మర్యాదస్తుడో అప్పుడు తెలిసింది. తప్పించుకునే దారి చేతికిచ్చారు.

"అవునండి, పొద్దు…" అంటున్నారు మా ఆయన.

"పొద్దు వెనక ఉందండి" అన్నాను నేను. "ఆయనకి కనబడదు. రెండేళ్లయింది. బండి నడిపేది నేను."

మా ఆయన స్టీరింగు మీంచి చేతులు తియ్యకుండా ఎదురుగా చూస్తూ ఉండిపోయారు. జాలేసింది. ఆ ఇద్దరాడవాళ్లని చూస్తే ఆయన మీద కోపం కూడా వచ్చింది. రెండూ ఒకేసారి.

మేస్త్రీగారు ఆశ్చర్యపోలేదు. "అడుసు తొక్కనేల కాలు కడగనేల అని, ముందే చెబితే సరిపోయేది కదమ్మా. ఎక్కి కూర్చోండి" అన్నారు. మా ఆయన దిగారు, నేనెక్కాను. క్లచ్చు నా కాలివేళ్లకి కూడా అందలేదు. తాడు తీసి కొలిచారు. సీటు ముందుకి బిగించాలి, పెడల్స్ కి ముక్కలు అతకాలి, నాలుగు రోజులు పడుతుందన్నారు. నాలుగు రోజుల తర్వాత కొత్తగా కర్రలు పాతారు. ఒక్కటీ తగల్లేదు. కళ్లంలో ట్రాక్టరు తిప్పినదాన్ని కదా.

ఆ నాలుగు రోజులే కాదు, ఆ తర్వాతా మా ఆయన నాతో మాట్లాడలేదు. మూడోరోజు అన్నం దగ్గర ఒక్క మాటే అన్నారు: "అందరి ముందూ అన్నావు." నేను తప్పయిందని అనలేదు. తప్పనిపించలేదు. కానీ ఆ పూట నాకు అన్నం సహించలేదు.

ఇసుక లారీలకి బ్రేకులుంటాయి గానీ, వాటి డ్రైవర్ల నోళ్లకి ఉండవు. వారం తిరక్కుండా మాట కామందుగారి చెవిన పడింది. ఉగాది ఇంకా పది రోజులుందనగా ఆయనే వచ్చారు. పెద్దాయన, కఠినుడు కాడు, అలాగని ధర్మప్రభువూ కాదు. "చూడమ్మా, కళ్లు లేని మనిషి, ఆడమనిషి కలిసి లంక ఎలా చేస్తారు? నన్ను ఈ బండిలో అవతలికి దాటించు. దాటిస్తే మాట్లాడుకుందాం" అన్నారు.

ఆయన పక్కసీట్లో, మా ఆయన వెనక. రేవు దిగాను. సగం పాయ బాగానే వెళ్లింది. నడిమధ్యలో ఆపేశాను. నిన్నటి మా చక్రాల జాడ ఉన్నచోట ఇవాళ ఇసుక నల్లగా, తడిగా మెరుస్తోంది. పైనెక్కడో నీళ్లు వదిలినట్టున్నారు, కింద ఊట ఊరింది. ఎంత బండి అయినా ఊబిలో దిగితే దిగినట్టే. ఎటు గట్టిగా ఉందో కూర్చున్న చోటు నుంచి నాకు తెలియడంలేదు. కామందుగారు నా మొహం చూస్తున్నారు.

"ఏంటి, ఆపావు?" అన్నారు మా ఆయన. నాతో మళ్లీ మాట కలపడం అదే.

"తడి. ఎటెళ్లాలో తెలియట్లేదండి" అన్నాను.

ఆయన వెనక నుంచి దిగారు. చెప్పులు విప్పి బండిలో పెట్టారు. బానెట్టు తడుముకుంటూ ముందుకొచ్చి, మడమతో ఇసుకని నొక్కి, ఆగి, పక్కకి ఓ అడుగేసి, మళ్లీ నొక్కారు. కాళ్లకి గట్టినేల తగిలాక, రెండు చేతులూ ముందుకి చాపి నడవడం మొదలుపెట్టారు. అలా చేతులు చాపి ఆయన నడవడం రాత్రుళ్లు ఇంట్లో చూశాను గానీ, పగలు, పరాయి మనిషి ముందు ఎప్పుడూ చూడలేదు. పక్కన కామందుగారు టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నారు. ఆ ఏడూ, ఆ తర్వాత చాలా ఏళ్లూ కౌలు మాకే ఇచ్చారు. ఆ ఏటి మాట ఆయన అవతలి ఒడ్డున చెప్పారు.

ఫస్టు గేరులో, ఆయన అడుగు పడ్డచోటే చక్రం పెట్టుకుంటూ వెనకే వెళ్లాను. ఏడుపొచ్చింది. కానీ ఏడిస్తే దారి కనబడదు కదా, అందుకని ఏడవలేదు.