మేడ మీది రేట్ల మిషను

చిలకలూరిపేట హైవే పక్కన ఒకావిడకు తాలుకాయల కొట్టు ఉంది. రంగు పోయి తెల్లబడిన మిరపకాయలను రైతుల దగ్గర కొని, తొడిమలు తీయించి కారం మిల్లులకు పంపుతుంది. భర్త పోయాక వ్యాపారాన్ని తనే నిలబెట్టుకుంది. మా పత్రికాఫీసు అదే వీధిలో కావడంతో నన్ను అన్నయ్యగారూ అని పిలిచేది. ఒక ఉదయం పేపరు పట్టుకుని వచ్చి, అందులోని ఫొటో మీద వేలు పెట్టింది.

“ఇది మా మేడ మీద ఉందండీ.”

వేరే ఊళ్లో పోలీసులు పట్టుకున్న సిమ్ బాక్సు ఫొటో అది. వరసగా యాంటెన్నాలు మొలిచిన నల్లటి పెట్టె. లోపల బోలెడు సిమ్ కార్డులుంటాయి. ఎక్కడో విదేశంలో కూర్చున్న ముఠా చేసే ఫోను దీని గుండా వస్తే పక్క ఊరి నంబరులా కనిపిస్తుంది. పోలీసులమని బెదిరించి ముసలివాళ్ల ఖాతాలు ఊడ్చేసే ఫోన్లు ఇలా కూడా వస్తాయని మేమే రాశాం. తెలిసి అలాంటిది దగ్గర పెట్టుకుంటే మూడేళ్ల దాకా జైలు పడవచ్చనీ రాశాం.

మేడ మీది గది అద్దెకు తీసుకున్నతను మర్యాదస్తుడు. మార్కెట్ యార్డులో మిర్చి రేట్లను రైతుల ఫోన్లకు పంపే మిషను అని చెప్పి పెట్టాడట. గుంటూరు యార్డు రేటు ఫోనులో చూసుకోకుండా ఇక్కడ ఎవరూ బస్తా బండికెత్తరు. అందుకే ఆవిడ ఆ మాట ఇట్టే నమ్మింది. పైగా, రేట్లు మా మేడ మీద నుంచే పోతున్నాయని వచ్చిన రైతుకల్లా గొప్పగా చెప్పింది.

నేను వెళ్లేసరికి ఆవిడ మరిది కొట్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు.

“వైరు పీకి కాలవలో పారేద్దాం వదినా. వాడొస్తే గది ఖాళీ చెయ్యమందాం. మనకెందుకొచ్చిన గొడవ?”

“తగాదా పడిన బస్తా కుట్టు మన కొట్లో ఎవరన్నా విప్పుతారా?”

సరుకు మీద మాటా మాటా వస్తే, అమ్మినవాడూ కొన్నవాడూ ఎదురుగా నిలబడేదాకా ఆ బస్తాను పక్కకు కూడా జరపనివ్వదు ఆవిడ. ఆ కొట్లో అది ఏళ్లనాటి పద్ధతి.

“ఇది బస్తా కాదు వదినా, జైలు!”

“జైలైతే అసలు ముట్టుకోగూడదు.”

తొడిమలు తీసే ఆడవాళ్లను మేడ మెట్ల మీద కూర్చోబెట్టి, ఎవరినీ పైకి పోనివ్వద్దని చెప్పి, నన్ను తోడు రమ్మని పోలీసు స్టేషనుకు బయల్దేరింది.

ఇన్‌స్పెక్టరు అంతా విన్నాడు. “వైరు పీకకపోవడం మంచిదయిందమ్మా. పీకి ఉంటే వాళ్లకి తెలిసిపోయేది. వాడు మాయమైతే మిగిలేది మీరే. కానీ తెలిసే గది ఇచ్చారని తేలితే మీరూ ముద్దాయే. అది ముందే చెప్తున్నా.”

“చెప్పండి. అందుకేగా వచ్చింది.”

సిమ్‌లు మార్చడానికి ఆ అద్దెకున్నతను అప్పుడప్పుడూ వస్తుంటాడు. ఒక కానిస్టేబుల్ మిర్చి కొనేవాడిలా కొట్లో కాపు కాశాడు. మిరపకాయను రెండు వేళ్ల కొసలతో పట్టుకున్న అతన్ని చూసి ఆవిడ ఊరుకోలేకపోయింది.

“ఏం బాబూ, అది తేలా? అట్టా పట్టుకుంటే కొనడానికొచ్చావని ఎవడు నమ్ముతాడు? తుంచు, వాసన చూడు, బాగాలేదని నాతో దెబ్బలాడు.”

అతను తుంచాడు, వాసన చూశాడు, తుమ్ములు పట్టుకున్నాయి. ఆడవాళ్లు నోటికి కొంగులడ్డం పెట్టుకున్నారు. చివరికి ఆ అద్దెకున్నతను కొత్త సిమ్‌ల కట్టతో వచ్చి, తుమ్ముతున్న బేరగాణ్ణి దాటుకుని మెట్లెక్కాడు. పైనే దొరికాడు.

ఆవిడ వాంగ్మూలం రాసుకున్న రోజు కూడా నేను అక్కడే ఉన్నాను. ఇన్‌స్పెక్టరు చదివి వినిపించి అంతా సరిగ్గా ఉందా అని అడిగాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

“ఒకటి తప్పిపోయిందండీ. కరెంటు పోయినప్పుడల్లా మా కొట్టు ఇన్వర్టరు నుంచి దానికి లైను ఇచ్చింది నేనే. రైతులకు రేట్లు ఆగిపోకూడదని ఇచ్చా. అదీ రాయండి.”

మరిది నెత్తి కొట్టుకున్నాడు. “ఆపు వదినా! వాళ్లడగందే చెప్తావేంటి?”

“వాళ్లడిగాక చెప్తే దాచినట్టుంటదయ్యా.”

ఇన్‌స్పెక్టరు ఆ మాటలూ రాశాడు. ఆ ఒక్క వాక్యంతో ఆవిడను ముద్దాయిని చేయవచ్చని గదిలో అందరికీ తెలుసు. ఆవిడకూ తెలుసు. అభియోగపత్రం వేసేదాకా మరిదికి అన్నం సయించలేదు. ఆవిడ మాత్రం రోజూ కొట్టు తెరిచింది. ఆ మిషను రేట్లది కాదని, తను మోసపోయానని వచ్చిన ప్రతి రైతుకూ చెప్పింది. వార్తల కోసం ఏళ్ల తరబడి పోలీసు స్టేషన్ల చుట్టూ తిరిగినవాణ్ణి. తనకు నష్టమయ్యే మాటను అడిగి మరీ రాయించుకున్న మనిషిని ఇంకొకరిని చూడలేదు.

అభియోగపత్రంలో ఆవిడ పేరు సాక్షుల వరసలో వచ్చింది.

విచారణ రోజు ముద్దాయి చెప్పిన ఓ ముక్క పట్టుకుని అతని తరఫు లాయరు ఉత్సాహంగా లేచాడు. “కరెంటు పోతే ఆ మిషనుకు ఇన్వర్టరు లైను ఇచ్చింది మీరే కదా?”

“నేనేనండీ.”

“మరి పోలీసులు మిమ్మల్నెందుకు వదిలేశారు?”

“ఆ సంగతి వాళ్లకి చెప్పింది కూడా నేనేనండీ. నేను రాయించిన కాగితంలో ఉంటుంది, చూసుకోండి.”

లాయరు కాగితాలు తిప్పాడు. ఆ వాక్యం దొరికింది. దాన్ని రెండోసారి చదువుకుని, ఇక ప్రశ్నలు లేవని జడ్జితో చెప్పి కూర్చున్నాడు.