ముప్ఫై ఒక్క అంకెల ప్రధానం

నా గది గోడకు ఒక సంఖ్యను అంటించాను. ముందు ఒకటి, తర్వాత బోలెడు సున్నాలు, నడుమ మూడు ఆర్లు, మళ్లీ అన్నే సున్నాలు, చివర ఒకటి. ఎటునుంచి చదివినా ఒకటే. ఇంత పెద్దదై ఉండి కూడా ఒకటితోనూ తనతోనూ తప్ప శేషం లేకుండా దేనితోనూ పోదు. ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పుకుని బతికేదాన్ని, ఇలాంటిది కంటబడితే నాకు అన్నం సయించదు.

టీ తెచ్చిన అమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. మాది చర్చికి వెళ్లే ఇల్లు. మూడు ఆర్లు పక్కపక్కన ఉంటే అది బైబిలు చెప్పిన మృగం సంఖ్య, సైతాను ముద్ర. బండి నంబర్లో రెండు ఆర్లు వచ్చినా అమ్మ మొహం మాడిపోతుంది.

"ఏందే అది?"

"ప్రధాన సంఖ్య అమ్మా."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. మా చర్చిలో నిశ్చితార్థాన్ని ప్రధానం అంటారు. నా ప్రధానం వచ్చే వారమే.

"నీ ప్రధానానికి సైతాను నంబర్ ఏందే? కార్డు మీద గూడ ఏపిచ్చినవా?"

నవ్వు ఆపుకోలేకపోయాను. అదే నా కొంప ముంచింది. టీ గ్లాసు గడప అవతలే కింద పెట్టి, "అది గోడ మీద ఉన్నన్ని రోజులు నేనీ గదిల అడుగు పెట్ట" అంది.

పెట్టలేదు. మొండితనంలో నేనూ ఆమె కూతుర్నే. లెక్కల్లోకి సైతాను ఎందుకొస్తాడని దాన్ని తీయలేదు. కానీ రోజూ పొద్దున నా మంచం మీద కూర్చుని, నా నెత్తిన చేయి పెట్టి ప్రార్థన చేసే మనిషి ఆమె. పెళ్లయ్యాక ఆ చేయి కోసం పొద్దున్నే కాశిబుగ్గలోని అత్తగారింటి నుంచి సుబేదారిలోని మా ఇంటికి ఉరికి రాలేను కదా. మిగిలిన కొద్దిపాటి పొద్దులను ఒక కాగితం కోసం పోగొట్టుకుంటున్నానని బాధేసేది.

ఒక సాయంత్రం చూస్తే, అమ్మ గడప అవతల నిలబడి, గాల్లో వేలు ఆడిస్తూ సున్నాలు లెక్కపెడుతోంది.

"ఇటు పదమూడు," అంది, నాతో కాదన్నట్టు. "అటు?"

"అటు గూడ పదమూడే. మొత్తం అంకెలు ముప్ఫై ఒకటి. తిప్పి చదువు."

"పదమూడు." వేలు దించింది. "వాక్యంల, ఆఖరి పుస్తకంల, ఆ సంఖ్య గూడ పదమూడో అధ్యాయంలనే ఉన్నది."

ఆ సంగతి నాకెన్నడూ తట్టలేదు.

"మూడుతోని పోదా?" అని అడిగింది.

"అంకెలన్నీ కూడు."

"ఒకటి, మూడు ఆర్లు, ఒకటి. ఇరవై."

"ఇరవై మూడుతోని పోదు. గందుకే ఇది గూడ పోదు."

"కడమ సంఖ్యలతోని? అన్ని నువ్వే చేసి చూసినవా?"

"నా జన్మంత కూసున్నా ఒడవదు. కంప్యూటర్లు చూసినయ్."

"నువ్వు చూడలే."

"చూడలే."

"మరి నమ్మినవ్."

కంటితో చూడనిదాన్ని ఎట్ల నమ్ముతావని చిన్నప్పటి నుంచీ ఆమెను ఆటపట్టించేది నేనే.

అమ్మ నవ్వలేదు, గెలిచినట్టు చూడనూ లేదు. గడప దాటి వచ్చి మంచం దగ్గర నిలబడింది.

"జర జరుగు," అంది. "ఏడుతోని పోతదో లేదో నా ముంగట చేసి చూపియ్యి."